‘శక్తి’ అన్న మాటే దారి తప్పించింది

మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళిభోజనాల దగ్గర నా పక్కన మాస్టారు కూర్చున్నారు. ఉద్యోగం విరమించి పదేళ్ళు దాటినా ఊరంతటికీ ఆయన మాస్టారే. గుత్తివంకాయ కలుపుకుంటూ ఒక సూత్రం చెప్పారు: ‘‘క్యాన్సరంటే ఏముందోయ్, ఇమ్యూనిటీ తగ్గడమే. ఒంట్లో శక్తి ఉన్నవాడి జోలికి ఏ రోగమూ రాదు.’’ వాళ్ళ అల్లుడికి నడుం కింద, తొడల మీద మచ్చలు నాలుగేళ్ళుగా తగ్గడం లేదట. ఒకరు తామరన్నారు, ఒకరు సోరియాసిస్ అన్నారు. మందుల షాపువాడిచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గడం, మళ్ళీ మొదలు. ఇప్పుడు మాస్టారే పూనుకుని రోజూ పరగడుపున తిప్పతీగ కషాయం పట్టిస్తున్నారు. శక్తి పెరిగితే మచ్చలు అవే పోతాయని ఆయన ధీమా.

బంతిలో వాదన పెట్టుకోవడం మర్యాద కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోనక్కర్లేదు.

ఈ సూత్రం మాస్టారు ఒక్కరిదే అయితే ఇంత రాయక్కర్లేదు. కొవిడ్ వచ్చిపోయాక మన ఇళ్ళలో ఇది ఉప్పూ పప్పూ అంత మామూలు మాటయిపోయింది. చూర్ణాల డబ్బాల మీద అదే, పిల్లలు పాలల్లో కలుపుకునే పొడి మీద అదే, చివరికి గానుగ నూనె సీసా మీద కూడా అదే. ఇంగ్లీషు మందులవాళ్ళూ తక్కువ తినలేదు. జింకు బిళ్ళలు, విటమిన్ మాత్రలు అదే పేరు మీద అమ్ముడుపోయాయి. వీళ్ళందరి దృష్టిలో ఒంట్లో ఒక కుండ ఉంది, అందులో రోగాన్ని అడ్డుకునే ద్రవమేదో ఉంది, మట్టం పడిపోతే జబ్బు, నింపుకుంటే ఆరోగ్యం.

తప్పులో సగం మన భాషది. ఇమ్యూనిటీ అన్న మాట లాటిన్‌లో మొదట పన్నుల నుంచి, ఊరి వెట్టి నుంచి మినహాయింపు అన్న అర్థంలో ఉండేది. మనం దాన్ని తెలుగులోకి తెచ్చుకుంటూ వెనకాల ‘శక్తి’ తగిలించాం. రోగనిరోధక శక్తి. శక్తి అన్నాక ఎక్కువ తక్కువలు వస్తాయి. ఎక్కువైతే చెడిందెవరు? ఆంజనేయుడికి బలం ఎక్కువైందని బాధపడ్డవాళ్ళు లేరు కదా. ఆ ఒక్క మాటతో, సంకేతాల మీద నడిచే ఒక వ్యవస్థ కండబలంలా కనిపించడం మొదలైంది. చదువుకున్నవాళ్ళు కూడా ఆ ఊహలోంచి బయటికి రాలేకపోతున్నారు.

ఈ కుండ లెక్క ఎంత తప్పో చూపించడానికి చర్మపు లింఫోమాను మించిన ఉదాహరణ నాకు తోచదు. అరుదైన జబ్బే. అమెరికాలో 1973 నుంచి 2002 దాకా తీసిన లెక్కల్లో టీ కణాల చర్మ లింఫోమా ఏడాదికి పది లక్షల మందిలో సుమారు 6.4 మందికి వచ్చింది. అరుదైనా అది చెప్పే సంగతి పెద్దది. ఇక్కడ క్యాన్సర్‌గా మారిన కణం రోగనిరోధక కణమే. చర్మంలో కాపలా తిరగాల్సిన టీ కణమే అదుపు తప్పి పెరుగుతుంది. కంచే చేను మేస్తున్నప్పుడు కంచెకు బలం చేకూర్చమని సలహా ఇచ్చేవాణ్ణి ఏమనాలి?

దీన్ని మొదట వర్ణించినవాడు పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి వైద్యుడు అలీబేర్, 1806లో. రోగి ఒంటి మీద గడ్డలు పుట్టగొడుగుల్లా ఉన్నాయని తర్వాత మైకోసిస్ ఫంగాయిడిస్ అన్న పేరు నిలిచింది. ఫంగస్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. పేరు తప్పుదారి పట్టించడం ఈ జబ్బుకు పుట్టుకతోనే వచ్చినట్టుంది. అది మచ్చగా మొదలై, దళసరి పొరగా మారి, చివరికి గడ్డ కడుతుందని 1870లో బాజాఁ అనే మరో ఫ్రెంచి వైద్యుడు గుర్తించాడు. మచ్చ దశలోనే ఏళ్ళకేళ్ళు ఉండిపోయేవాళ్ళే ఎక్కువమంది. రక్తంలోకి కూడా పాకి ఒళ్ళంతా ఎర్రబడే రూపానికి సెజారీ పేరు పెట్టారు.

ఇక సంకేతాల సంగతి. ఎద్దుబండి తోలేవాడి చేతిలో ములుకోల ఒక్కటే ఉండదు, పగ్గం కూడా ఉంటుంది. టీ కణం కూడా అంతే. దాని పైపొర మీద సీడీ28 లాంటి గ్రాహకాలు ములుకోలలు. సీటీఎల్‌ఏ4, పీడీ-1, టిమ్-3 లాంటివి పగ్గాలు. ఇంటర్‌ల్యూకిన్లు ఒక కణం నుంచి మరో కణానికి వెళ్ళే కబుర్లు. ఆ కబురును పైపొర నుంచి కణం గుండెకాయ దాకా మోసే జాక్-స్టాట్, ఎన్ఎఫ్-కాపా-బి వంటి దారులున్నాయి. వీటిలో ప్రతిదానికీ ఒక జన్యువు ఉంది. ఆ జన్యువు రాత అందరిలోనూ ఒకేలా ఉండదు. ఒకరి పగ్గం కాస్త బిర్రుగా, ఒకరిది కాస్త వదులుగా. దీన్ని ఏ కుండలో పోసి కొలుస్తారు?

కార్డ్11 అనే జన్యువును తీసుకోండి. అది పుట్టుకతో మందగించిన కొన్ని కుటుంబాల్లో పసితనం నుంచే తీవ్రమైన ఎగ్జిమా వస్తుందని 2017లో తేలింది. అదే జన్యువు పుట్టుకతో జోరందుకున్నవాళ్ళలో బీ కణాలనే మరో రకం రోగనిరోధక కణాలు గుంపులు గుంపులుగా పెరిగిపోయే మరో జబ్బు వస్తుంది. టీ కణాల చర్మ లింఫోమాలో, బతుకు మధ్యలో కణం సంపాదించుకునే కార్డ్11 మార్పులు జోరు పెంచే రకానివి. ఒకే జన్యువు, తగ్గితే ఒక రోగం, పెరిగితే ఇంకో రోగం. ‘పెంచుకోండి’ అన్నవాళ్ళు ఏ వైపుకు తోయమంటున్నారో వాళ్ళకే తెలియాలి.

అసలు సాక్ష్యం ఇంకొక లింఫోమాలో ఉంది. చర్మం కింది కొవ్వు పొరలో టీ కణాలు పెరిగే ఈ జబ్బుకు సబ్‌క్యుటేనియస్ పానిక్యులైటిస్ లైక్ టీ సెల్ లింఫోమా అని చాంతాడంత పేరు. కాళ్ళ మీద, చేతుల మీద, పొట్ట మీద చర్మం కింద గట్టిగా తగిలే గడ్డలు, విడవని జ్వరం. వయసులో ఉన్న ఆడవాళ్ళలో ఎక్కువ. లూపస్ అనుకుని వైద్యం చేయడం మామూలే. కొందరిలో రోగనిరోధక కణాలు పిచ్చెత్తినట్టు సొంత రక్తకణాల్నే మింగేస్తాయి. రక్తం తగ్గుతుంది, కాలేయం ఉబ్బుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

ఈ రోగుల జన్యువుల్ని చదివి 2018లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. దాదాపు 60 శాతం మందిలో హెచ్‌ఏవీసీఆర్2 అనే జన్యువు పుట్టుకతోనే మారి ఉంది. టిమ్-3 పగ్గాన్ని తయారుచేసే జన్యువది. తూర్పు ఆసియా, పాలినీషియా మూలాలున్నవాళ్ళలో ఆ ప్రోటీను 82వ స్థానంలో టైరోసిన్ బదులు సిస్టీన్ వచ్చింది. యూరప్ మూలాలవాళ్ళలో 97వ స్థానంలో ఇంకో మార్పు. ఒక్క అక్షరం తేడా. ఆ తేడాతో ప్రోటీను సరిగా మడత పడక కణం పైపొరకు చేరనే చేరదు. పగ్గం లేని ఎద్దులు. జన్యువు రెండు ప్రతుల్లోనూ మార్పు ఉన్నప్పుడే ఈ పరిస్థితి. ఒక ప్రతి బాగున్న తల్లిదండ్రులు మామూలుగా ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతుంటారు.

ఇప్పుడు కుండ లెక్కతో వీళ్ళ దగ్గరికి రండి. వీళ్ళ నిరోధకత ‘తక్కువ’ కాదు. ఎక్కువై, ఆపేవాడు లేక, ఆ అదుపులేని ఉద్రేకంలోంచే లింఫోమా పుట్టింది. మరి వైద్యం? స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్. అవయవ మార్పిడి చేసినప్పుడు నిరోధకతను అణచడానికి వాడే సైక్లోస్పోరినే. చాలామంది దానితో తేరుకుంటున్నారు. క్యాన్సర్ రోగికి ఇమ్యూనిటీ తగ్గించే మందిచ్చి నయం చేశారన్న మాట మా మాస్టారి చెవిన వేస్తే విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోతారేమో.

అయితే, సరే, ఇక అన్ని చర్మ లింఫోమాలకూ నిరోధకతను అణిచేద్దామా? అదే సైక్లోస్పోరిన్‌ను మైకోసిస్ ఫంగాయిడిస్ రోగికి, ఎగ్జిమా అనో సోరియాసిస్ అనో పొరబడి ఇస్తే జబ్బు పరుగందుకున్న సందర్భాలు వైద్యగ్రంథాల్లో నమోదై ఉన్నాయి. రెండూ చర్మంలో పుట్టే టీ కణాల లింఫోమాలే. ఒకే మందు ఒకచోట ప్రాణదాత, ఇంకోచోట కాలయముడు. ‘శక్తి’ అన్న ఒక్క కొలతతో ఈ రెంటినీ వివరించే మొనగాడు ఉంటే ముందుకు రమ్మనండి. ఏ పగ్గం తెగింది, ఏ ములుకోల అతిగా గుచ్చుతోంది అని అడిగితే తప్ప ఈ ముడి విడదు.

పీడీ-1 కథ చూడండి. ఇది టీ కణాన్ని ఆపే పగ్గం. దీన్ని వదులు చేసే మందులు మెలనోమా లాంటి క్యాన్సర్లలో అద్భుతాలు చేశాయి. క్యాన్సర్ మీద నిరోధకతను ఉసిగొల్పడం అన్నప్పుడు అందరూ చూపించేది వీటినే. టీ కణమే క్యాన్సర్ అయినప్పుడు ఏమవుతుంది? జర్మనీ శాస్త్రవేత్తలు 2017లో ఎలుకల మీద చూపించింది, పీడీ-1 ఒక ప్రతి పోయినా టీ లింఫోమా వేగంగా పెరుగుతుందని. మరుసటి ఏడాది మనుషుల్లోనూ కనిపించింది. హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్ వల్ల వచ్చే, చర్మంలోకీ తరచూ పాకే ఒక టీ లింఫోమా రోగులు ముగ్గురికి పీడీ-1ను అడ్డుకునే మందిచ్చారు. ముగ్గురిలోనూ జబ్బు మెరుపులా ముదిరింది. కంచెకు బలం చేకూర్చడమంటే అచ్చంగా ఇదే.

ఎదుటివాళ్ళ పక్షాన కూడా ఒక సాక్షి ఉంది, దాచను. మైకోసిస్ ఫంగాయిడిస్, సెజారీ రోగులు 24 మందికి ఇదే తరగతి మందు ఇస్తే 9 మందిలో జబ్బు తగ్గింది. సెజారీ రోగుల్లో సగం మందికి పైగా మొదట్లో చర్మం భగ్గుమంది కూడా. అంటే పగ్గం వదులు చేయడం ఒకచోట విషం, ఒకచోట ఔషధం. ఇది కూడా నా వాదనకే బలం. తూకం రోగి రోగికీ మారుతున్నప్పుడు అందరికీ కలిపి ‘పెంచుకోండి’ అన్న సలహాకు అర్థమేమిటి?

ఈ లింఫోమా కణాలు ఎంత గడుసువో చెప్పడానికి ఇంకొక సంగతి. కొందరు రోగుల్లో సీటీఎల్‌ఏ4 జన్యువు ముందు ముక్క, సీడీ28 జన్యువు వెనక ముక్క తెగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. పగ్గం పిడికి ములుకోల మొన కట్టినట్టు. చుట్టుపక్కల కణాలు ‘ఆగు’ అని లాగిన ప్రతిసారీ దీనికి గుచ్చుకుంటోంది, ముందుకు దూకుతోంది. 2015లో అలాంటి ఒక సెజారీ రోగికి సీటీఎల్‌ఏ4ను అడ్డుకునే మందిస్తే త్వరగా గుణం కనిపించింది. మామూలు మనిషిలో టీ కణాల్ని రెచ్చగొట్టే మందు అది. ఇక్కడ వాటిని శాంతింపజేసింది. తాడు ఎక్కడ ముడిపడిందో చూసినవాడికే ఆ ఆలోచన వస్తుంది.

కుండ సిద్ధాంతానికి దొరికే గట్టి ఆధారం ఒకటుంది. మూత్రపిండం మార్పిడి చేయించుకుని ఏళ్ళ తరబడి నిరోధకతను అణిచే మందులు వాడేవాళ్ళలో క్యాన్సర్లు పెరుగుతాయి. చికిత్స లేని హెచ్‌ఐవీ రోగుల్లో కపోసీ సార్కోమా వస్తుంది. ఇది నిజం. ఆ క్యాన్సర్లేమిటో కాస్త చూడండి. మార్పిడి తర్వాత వచ్చే లింఫోమాల్లో ఎక్కువ బీ కణాలవి, వాటిలో చాలావాటి వెనక ఎప్‌స్టీన్ బార్ వైరస్ ఉంటుంది. కపోసీ వెనక ఇంకో హెర్పిస్ వైరస్. తెల్లచర్మం వాళ్ళకు వచ్చే చర్మ క్యాన్సర్ల వెనక ఎండ. ఒక ఫలానా శత్రువు మీద ఫలానా కాపలా లేకపోవడం వల్ల వచ్చినవివి. ఒక కాపలా పోతే ఒక దొంగ వస్తాడన్నది ఒప్పుకుంటాను. అందుకని కాపలావాళ్ళందరికీ సారా పోయించమంటే ఒప్పుకోను.

సారా మాట ఊరికే అనలేదు. తిప్పతీగ విషయమే చూడండి. కొవిడ్ రోజుల్లో దాన్ని వాడాక కాలేయం వాచిన ఆరుగురి గురించి ముంబయి వైద్యులు 2021లో రాశారు. సొంత కాలేయం మీదే నిరోధకత తిరగబడిన లక్షణాలు వాళ్ళలో కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నివేదికను ఒప్పుకోలేదు, వేరే మొక్కతో పొరబడి ఉంటారంది. తగవు వాళ్ళు తేల్చుకుంటారు. నా ప్రశ్న వేరు. ఆ ఆకు నిజంగా నిరోధకతను పెంచుతుందని నమ్మేవాళ్ళు, పెరిగిన నిరోధకత ఎవర్ని కరుస్తుందో ఎందుకు అడగరు?

ఇక రెండో గుంపు. జన్యువులన్న మాట వినగానే ‘అయితే అంతా రాసిపెట్టే ఉందన్నమాట’ అనేవాళ్ళు. వీళ్ళ ధర్మమా అని ఉమ్మి పరీక్షతో క్యాన్సర్ జాతకం చెప్పే వ్యాపారం సాగుతోంది. వీళ్ళకు ఒక లెక్క చాలు. లింఫోమా రోగులు 3,586 మందినీ ఆరోగ్యవంతులు 4,018 మందినీ పోల్చి 2006లో ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం వచ్చింది. టీఎన్‌ఎఫ్ అనే సంకేత ప్రోటీను జన్యువులో అందరికీ తెలిసిన ఒక మార్పు రెండు ప్రతుల్లోనూ ఉంటే, పెద్ద బీ కణాల లింఫోమా వచ్చే అవకాశం సుమారు 1.65 రెట్లు. వినడానికి భయంగానే ఉంటుంది. మాటవరసకు అదే నిష్పత్తిని చర్మపు టీ లింఫోమాకు వేసి చూడండి. పది లక్షల్లో 6.4 మంది అన్నది పదిన్నర అవుతుంది. మిగిలిన 9,99,989 మందికి ఆ జాతకం దేనికి?

కాబట్టి జన్యువుల్లో రెండు రకాల మాటలున్నాయి. నలుగురిలో ఒకరికి ఉండే చిన్న తేడాలు తూకాన్ని గోరంత జరుపుతాయి. అరుదుగా ఉండే టిమ్-3 లాంటి తేడాలు తూకం ముల్లునే విరుస్తాయి. మొదటి రకాన్ని రెండోదానిలా అమ్మేవాళ్ళు వ్యాపారులు, రెండోదాన్ని మొదటిదానిలా కొట్టిపారేసేవాళ్ళు బద్ధకస్తులు. పుట్టుకతో వచ్చినవి ఒకటి, చర్మంలో ఒక్క కణం మధ్యలో సంపాదించుకున్నవి ఇంకొకటి అన్న తేడా కూడా కలిపేయకూడదు. పైన చెప్పిన అతుకు జన్యువు పిల్లలకు సంక్రమించదు.

ఈ తేడాలు మనకు సంబంధం లేని విదేశీ సంగతులని అనుకోవద్దు. మేనరికాలు, ఒకే కులంలో తరతరాల పెళ్ళిళ్ళు ఉన్నచోట రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు కలిసే అవకాశం పెరుగుతుంది. వైశ్యుల్లో కొందరికి ఉన్న ఒక ఎంజైము లోపం మత్తుమందు డాక్టర్లకు బాగా తెలుసు. ఆపరేషన్‌లో కండరాల్ని సడలించే ఒక మందు ఇచ్చేదాకా ఆ లోపం ఉన్నట్టే తెలియదు. ఇచ్చాక గంటల తరబడి ఊపిరి అందదు. జీవితమంతా నోరెత్తకుండా ఉండి ఒకే ఒక్క సందర్భంలో మాట్లాడే జన్యువది. దాన్ని ‘శక్తి’ పెంచి సరిదిద్దలేం. తలరాత అని చేతులు ముడుచుకోనూ అక్కర్లేదు. ముందుగా తెలిస్తే ఆ మందు మానేస్తారు, అంతే.

మన చర్మంలో ఈ జబ్బు ఇంకో వేషంలో కూడా వస్తుంది. నల్లని, చామనఛాయ ఒంటి మీద మైకోసిస్ ఫంగాయిడిస్ ఎర్రమచ్చగా కాకుండా తెల్లబారిన మచ్చగా కనిపించడం ఎక్కువ, పిల్లల్లో కూడా. చూసినవాళ్ళు శోభి అంటారు, బొల్లి అంటారు, కుష్ఠేమోనని గుసగుసలాడతారు. కుష్ఠు మచ్చకు స్పర్శ తగ్గుతుంది, దీనికి తగ్గదు. ఆ ఒక్క పరీక్షకు దూదిపోగు చాలు. దానికీ ముందు చేయాల్సిన పని, నెలల తరబడి స్టెరాయిడ్ ట్యూబులు రాసుకోవడం మానుకోవడం. అవి మచ్చను పైపైన అణిచి, బయాప్సీలో గుర్తులు మసకబారేలా చేస్తాయి. తమాషా ఏమిటంటే తొలిదశ మైకోసిస్ ఫంగాయిడిస్‌కు వైద్యుడి అజమాయిషీలో ఇచ్చే మొదటి మందుల్లో ఆ స్టెరాయిడూ ఉంది, అతినీలలోహిత కాంతి చికిత్సా ఉంది. రెండూ చర్మంలో టీ కణాల్ని తగ్గించేవే. కుండ లెక్క ప్రకారమైతే రెండూ రోగిని చంపాలి. ఆ దశలోని రోగులు చాలామంది ఏళ్ళ తరబడి మామూలు బతుకే బతుకుతున్నారు.

పెళ్ళి అయిన పది రోజులకు మాస్టారికి ఫోన్ చేశాను. అల్లుణ్ణి చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్ళి, ట్యూబు ఆపాక బయాప్సీ చేయించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘‘ముక్క కోస్తే పాకుతుందంటారు కదోయ్’’ అన్నారు. పాకదని చెప్పాను. మళ్ళీ నెలన్నరకు ఆయనే చేశారు. బయాప్సీ అయిందట, ఏమీ తేలలేదట, ఇంకో మచ్చ నుంచి మళ్ళీ తీయాలన్నారట. తొలిదశలో అలా జరుగుతుందని, రెండోసారి తప్పకుండా వెళ్ళమని చెప్పాను. వెళ్తామన్నారు. కషాయం మాత్రం ఆపలేదట.